ఆమెకు చదివి వినిపించని కాగితం

ఒక తీర్పు పదకొండో పేజీలో ఒక ఆడమనిషి గురించి "ఈ సాక్షికి సత్యం పట్ల గౌరవం లేదు" అని ఉంది. తీర్పు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబితే ఆ అర్థమే వస్తుంది. ఆ మాట తప్పు. తప్పని మొదటి నుంచీ ఖాయంగా తెలిసి, ఇంకా బతికి ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవాణ్ణి నేను. అది రాసిన జడ్జిగారిని అనడానికేమీ లేదు. ఆయన ముందున్న కాగితాలను బట్టి, నేను బోనెక్కి చెప్పినదాన్ని బట్టి, ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే రాసేవారు.

అప్పట్లో నేను రెజిమెంటల్ బజార్‌లో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. కింద స్టీలు సామాన్ల కొట్టు, పైన మా ఆఫీసు. మెట్లు ఎంత ఇరుకంటే ఎక్కేవాళ్ళ కోసం దిగేవాళ్ళు పైనే ఆగాలి. మా నాన్న కోస్తా నుంచి వచ్చి మిషన్ బడిలో పంతులుగా పనిచేశారు. నాకు ఆయన గొంతు వచ్చిందని చర్చిలో అనేవారు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడం చాలా ఏళ్ళు నా పనే. స్పష్టంగా, తొందరపడకుండా చదువుతానని పేరు. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. ఆమె నన్ను నమ్మడానికి కారణం అదే.

బొల్లారం వైపు పట్టాలను ఆనుకుని ఒక బస్తీ ఉండేది. మెయిన్ లైను నుంచి ఒక రసాయనాల కంపెనీకి విడిగా ఒక లైను చీలి, ఆ బస్తీ వెనకగా పోయేది. ఒక వానాకాలం తెల్లవారుజామున ఆ లైను మీద గూడ్సు బండి పట్టాలు తప్పింది. మూడు ట్యాంకర్లు ఒరిగాయి, ఒకటి పగిలింది. అందులో ఉన్నది ఘాటైన యాసిడ్. వాన తుంపర తగలగానే అది తెల్లటి పొగై నేల వెంబడే ఇళ్ళ మీదికి వచ్చింది. పొగమంచు అనుకున్నామని చాలామంది నాతో చెప్పారు. దగ్గు మొదలయ్యాకే అర్థమైందట. ఐదుగురు చనిపోయారు. కళ్ళు మండినవాళ్ళు, ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు ఇంటికొకరు. బోరు నీళ్ళు నోట పెట్టుకోలేని రుచికి వచ్చాయి.

పోయిన ఐదుగురిలో ఆమె భర్త ఒకడు. ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఆమె బేగంపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. ఐదారేళ్ళ కూతురు. మా చర్చికే వచ్చేవారు. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చునేవారు. అతను ఎప్పుడైనా వస్తే వేళ్ళ సందుల్లో రంగు మరకలతోనే వచ్చేవాడు.

వకీలుగారు ముందు రైలు ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో బస్తీ తరఫున కేసు వేశారు. ఏడాదిన్నర తర్వాత కాగితాలు తిరిగి వచ్చాయి. మీరు బండిలో ప్రయాణించినవాళ్ళు కాదు, మీ సంగతి వినే అధికారం మాకు లేదు అన్నారు. చట్టం ప్రకారం అది నిజమే. ఈ సంగతి చెప్పడానికి బస్తీకి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన, కంటోన్మెంటు బంగళాల్లో తోటపని చేసి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు, మంచం మీద నుంచే అన్నాడు. "అంటే సచ్చేముందు టికెట్ కొనుక్కోవాల్నా? జెర ముందుగాల చెప్పకపోతిరి." అందరూ నవ్వారు. ఆ బస్తీలో అందరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా వేశాం. ఇరవై ఏడు కుటుంబాలు. లైను కంపెనీదని రైలు వాళ్ళు, బండి రైలు వాళ్ళదని కంపెనీ, ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ వాయిదాల మీద వాయిదాలు గడిపారు. చివరకు కంపెనీ జవాబు దాఖలు చేసింది. ఆమె భర్త గురించి అందులో విడిగా ఒక పేరా ఉంది. మృతుడు తాగిన మత్తులో పట్టాల దగ్గర పడి ఉన్నాడని, తన చావుకు తనే కారణమని. ఆసుపత్రి కేసు షీటులో ఎవరో డాక్టరు "మద్యం అలవాటు ఉంది" అని ఒక ముక్క రాశాడు. దాని మీద కట్టిన పేరా అది.

ఆమెను కూర్చోబెట్టి ఆ పేరాకు అర్థం చెప్పాను.

"ఎప్పుడన్న తాగుతుండె. అబద్ధమెందుకు చెప్పాలె," అంది. "ఆ దినం మాత్రం తాగలే. పైసలు ఎంతొస్తే గంత రానీ అన్నా. అసలే రాకున్నా మంచిదే. తాగి సచ్చిండన్న మాట మాత్రం కాగితంల ఉండొద్దు. గది తీసేయించు."

మిగతావాళ్ళు ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని అడిగేవారు. అడగడం తప్పు కాదు, మందులకే సరిపోని బతుకులు. ఆమె మాత్రం చివరి దాకా ఆ ఒక్కటే అడిగింది.

ఆ రోజే తనకు తెలిసిందంతా చెప్పింది. నేను పెన్సిలుతో రాసుకున్నాను. ఆ రాత్రి ఆమె డ్యూటీలో ఉంది. చప్పుడుకు అతను లేచి, నిద్రలో ఉన్న కూతుర్ని భుజాన వేసుకుని రోడ్డు అవతల చెల్లెలి ఇంట్లో పడుకోబెట్టాడు. తిరిగి వచ్చి ఖాళీ రంగు డబ్బా మీద కర్రతో కొడుతూ ఇంటింటి తలుపు దగ్గరా అరిచాడు. నడవలేని ఆ తోటపని ముసలాయన్ని వీపున వేసుకుని బయటికి తెచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్ళి, వచ్చి, కల్వర్టు మీద కూర్చుండిపోయాడు. ఆమె పొద్దున బస్సు దిగేసరికి జనమంతా రోడ్డు మీద ఉన్నారు. అతను ఆసుపత్రిలో ఉన్నాడని ఎవరో చెప్పారు. మూడో రోజు పోయాడు.

"నేను సూడలే అన్నా," అంది ఆఖరున. "ముసలాయన చెప్పిండు, ఇంకో నలుగురు చెప్పిండ్రు. నేను విన్నదే నీకు చెప్తున్న. గట్లనే రాయి."

గట్లనే రాసి ఉంటే సరిపోయేది. ముసలాయన నోటితో ఆయన చూసింది, ఆమె నోటితో ఆమెకు తెలిసింది చెప్పిస్తే కంపెనీ పేరా నిలబడేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. గెలిచేవాళ్ళమో లేదో తెలియదు. అతని మీది మాట మాత్రం పోయేది.

ఆ రోజుల్లోనే కోర్టుల్లో పద్ధతి మారింది. అంతకు ముందు సాక్షి బోనెక్కి మొదటి నుంచీ నోటితో చెప్పేవాడు. కొత్త పద్ధతిలో ఆ చెప్పేదంతా ముందే అఫిడవిట్‌గా టైపు చేసి దాఖలు చేయాలి. సాక్షి ఎదుటి వకీలు ప్రశ్నలకు మాత్రమే బోనెక్కుతాడు. మాకు వాయిదా సోమవారానికి పడింది. శుక్రవారం దాకా వకీలుగారు వేరే కేసుల్లో ఉన్నారు. శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషులో ఒక మ్యాటర్ చెప్పి రాయించారు. ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. ఒక్క మ్యాటర్‌ను ఇరవై ఏడుసార్లు వేసి, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు మార్చాను. అందులో నాలుగో పేరా ఇలా ఉంది: "ఆ సమయంలో నేను నా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, ట్యాంకర్ ఒరగడమూ, పొగ రావడమూ, మా కుటుంబ సభ్యులు ఆ పొగ పీల్చి పడిపోవడమూ కళ్ళారా చూశాను."

నా పెన్సిలు కాగితం ఆ బల్ల సొరుగులోనే ఉంది. తీసి చూడలేదు.

ఇంగ్లీషు రానివాళ్ళ అఫిడవిట్ అడుగున ఒక ధ్రువీకరణ ఉంటుంది. పై విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించి, అర్థం చేయించాక, సరైనవని ఒప్పుకుని సంతకం చేశారు అని. దాని కింద, చదివి వినిపించిన మనిషి సంతకం చేయాలి. మా ఆఫీసులో ఆ మనిషి ఎప్పుడూ నేనే. అలాంటివి వందల మీద సంతకం పెట్టాను. చదివి వినిపించినవి బహుశా పది ఉంటాయేమో. మా బజారులో ఏ గుమాస్తా అయినా అంతే. అది కోర్టుకు కావలసిన ఒక ముక్క, కాగితం చివర స్టాంపు లాంటిది అనుకునేవాళ్ళం.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీసు తెరిచాను. మెట్ల నిండా బస్తీ మనుషులే. ముసలాయన్ని ఇద్దరు మోసుకుని పైకి తెచ్చారు. "నన్ను జెర పడుచుగ రాసినవా లేదా?" అని ఆయన వేళాకోళం చేశాడు. ఒక్కొక్కరూ వచ్చి, వేలు చూపించిన చోట సంతకమో వేలిముద్రో వేసి వెళ్తున్నారు. ఆమె వంతు వచ్చింది. పెన్ను తీసుకుని ఆగింది.

"జెర చదివి చెప్పన్నా."

ఆమె వెనక ఇంకా పదిహేను మంది ఉన్నారు. ఇంట్లో మా ఆవిడ అన్నం తినకుండా నా కోసం ఎదురుచూస్తోంది. "నువ్వు చెప్పిందే ఉందమ్మా," అన్నాను. "చర్చిలో నేను చదివితే నమ్ముతావుగా. ఇదీ అంతే."

ఆమె నవ్వింది. తెలుగు అక్షరాల్లో, కూడబలుక్కుంటూ పేరు రాసింది. కింద నేను ఇంగ్లీషులో సంతకం చేశాను.

సోమవారం అవన్నీ దాఖలు చేశాక, మరో వాయిదాకు మొదట ఆమెనే బోనెక్కించారు. చనిపోయినవాళ్ళ తరఫున నాలుగు అక్షరాలు వచ్చిన మనిషి, బెదరని మనిషి అని వకీలుగారే ఎంచుకున్నారు. కంపెనీ తరఫు వకీలు వయసులో పెద్దాయన. గొంతు పెంచేవాడు కాదు. అమ్మా అమ్మా అంటూ అడిగాడు. ఎక్కడ పనిచేస్తారు, ఎన్నేళ్ళుగా, రాత్రి డ్యూటీలు ఉంటాయా. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. అప్పుడు నర్సింగ్ హోమ్ డ్యూటీ రిజిస్టరు నకలు తీసి ఆమె చేతికిచ్చి, ఆ తేదీ ఎదురుగా ఉన్నది తన సంతకమేనా అని అడిగాడు.

"నాదే సార్."

"అంటే ఆ రాత్రంతా మీరు బేగంపేటలో ఉన్నారు."

"ఉన్న సార్. పొద్దుగాల ఏడింటికి ఇంటికొచ్చిన."

ఆయన అఫిడవిట్ తీసి నాలుగో పేరాను తెలుగులో చెప్పాడు. ఆమెకు ఆ పేరాలో ఏముందో తెలిసింది అప్పుడే. ఆ పేరా ఆమెకు తెలుగులో మొదటిసారి చెప్పిన మనిషి కంపెనీ వకీలు.

"నేను గట్ల చెప్పలే సార్," అంది. "నేను సూడలే అనే చెప్పిన."

"సంతకం మీది కాదా?"

"నాదే. మరి అన్న చదవలే సార్. నేను చెప్పిందే ఉందన్నడు."

జడ్జిగారు కాగితం తెప్పించుకుని అడుగున నా సంతకం చూశారు. ఈ గుమాస్తా కోర్టులో ఉన్నాడా అని అడిగారు. ఉన్నానని నిలబడ్డాను. లంచ్ తర్వాత ఇతన్ని విచారిద్దాం అన్నారు.

వకీలుగారు నన్ను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ బస్తీ దగ్గర ఫీజని చెప్పుకోదగ్గది ఏమీ తీసుకోలేదు. చాయ్ తాగకుండా కప్పు తిప్పుతూ కూర్చున్నారు.

"చదవలేదని చెప్పావనుకో, ఇరవై ఏడూ పోతాయి," అన్నారు. "అన్నిటి కిందా నీ సంతకమే. చదివానంటే ఒక్కటే పోతుంది. ఆమె కంగారులో మాట మార్చిందనుకుంటారు."

కప్పు పక్కకు జరిపారు.

"ఇంకోటి. కోర్టుకు తప్పుడు ధ్రువీకరణ ఇచ్చావని తేలితే నీ మీద కేసు పెట్టమనొచ్చు. అప్పుడు నేనేమీ చేయలేను."

ఇరవై ఆరు కుటుంబాల కోసం ఆ పని చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు కూడా అలాగే చెప్పాను. వాళ్ళు నా ఇబ్బంది అర్థం చేసుకున్నట్టు తలూపారు. అది నిజం కాదు. ఆయన చెప్పిన మొదటి మాట నేను సగమే విన్నాను. బోనులో నాతో అలా చెప్పించింది రెండో మాట.

కోర్టుకు తిరిగి వచ్చేసరికి ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. డబ్బాలో పులిహోర. నన్ను చూసి పక్కకు జరిగింది.

"తిన్నవా అన్నా? ఇంత తిను," అంది. మూతలో కొంచెం పెట్టింది. "పరేషాన్ గాకు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే అయిపోతది."

ఆకలి లేదని చెప్పి లోపలికి వెళ్ళాను.

ప్రమాణం చేయించారు. నాకు అలవాటైన గొంతుతో, స్పష్టంగా, తొందరపడకుండా చెప్పాను. "మొత్తం తెలుగులో చదివి వినిపించాను సార్. ఆమె అన్నీ ఒప్పుకున్నాకే సంతకం పెట్టింది." నాలుగో పేరా కూడానా అని జడ్జిగారు ప్రత్యేకంగా అడిగారు. నాలుగో పేరా కూడా అన్నాను.

ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. "అన్నా," అంది. పెద్దగా అనలేదు. బంట్రోతు నిశ్శబ్దంగా ఉండమన్నాడు.

వకీలుగారి లెక్క తప్పింది. తర్వాతి వాయిదాలో కంపెనీ వకీలు ఇరవై ఏడు అఫిడవిట్లూ బల్ల మీద వరసగా పరిచి, నాలుగో పేరాలు చదివాడు. ఆ తెల్లవారుజామున బస్తీలో ఉన్న ప్రతి మనిషీ గుమ్మం దగ్గరే నిలబడి ఒకటే చూశారా అని అడిగాడు. తర్వాత ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు, మీరు నిలబడగలరా అని. ముసలాయన నిజం చెప్పాడు. తాను గుమ్మంలో లేనని, ఒకరి వీపు మీద ఉన్నానని, ఆ మనిషి తనను కాపాడి చచ్చిపోయాడని. ఆ మాట అప్పటికి ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆయన ప్రమాణం చేసిన కాగితంలో వేరే సంగతి ఉంది. నిజం చెప్పినందుకు ఆయన కూడా అబద్ధాలకోరుల్లో కలిశాడు.

ఏడాది తర్వాత తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. పదకొండో పేజీలో ఆమె గురించిన వాక్యం. పన్నెండో పేజీలో అతని గురించి: మృతుడు మద్యం మత్తులో ఉన్నాడన్న ప్రతివాది మాటను కాదనడానికి నమ్మదగిన సాక్ష్యమేదీ లేదు.

బస్తీ ఆమె మీద పడింది. కొందరు, అబద్ధం రాయించి మా అందరినీ ముంచావన్నారు. ఇంకొందరు, రిజిస్టరు చూపించగానే డ్యూటీలో ఉన్నానని ఎందుకు ఒప్పుకున్నావు, చూశానని గట్టిగా అనొచ్చు కదా అన్నారు. రెండు మాటలూ ఒకే నల్లా దగ్గర, ఒకే పొద్దున వినిపించేవట. ఆమె బిందెను వరసలోంచి తీసి పక్కన పెట్టేవారని ముసలాయన నాతో చెప్పాడు. ఆయనొక్కడే ఆమె తరఫున తగువుకు దిగేవాడు. అప్పీలుకు వెళ్దామని వకీలుగారు కబురు పెడితే ఎవరూ రాలేదు. గడువు దాటింది. ముసలాయన రెండేళ్ళకు పోయాడు. తర్వాత వకీలుగారు గుండెపోటుతో పోయారు.

ఆమె మా చర్చికి రావడం మానేసింది. నేను మానలేదు. ఇంకో రెండేళ్ళు వాక్యం చదివాను. వెనక తలుపు పక్కన ఆ చోట వేరేవాళ్ళు కూర్చునేవారు. ఒక ఆదివారం చదవలేనని చెప్పేశాను. పాస్టరు అయ్యగారు ఎందుకని అడిగితే గొంతు బాగాలేదన్నాను. ఇంట్లో మా ఆవిడకు కూడా అదే చెప్పాను.

వకీలుగారు పోయాక కోర్టు దగ్గరే జెరాక్సు, టైపింగు దుకాణం పెట్టుకున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఏదో బంద్‌కు ముందు రోజు, సగం షట్టర్ దించుకుని కూర్చుని ఉండగా ఒక అమ్మాయి వంగి లోపలికి వచ్చింది. ఏదో ఆఫీసు ఐడీ కార్డు మెడలో ఉంది. ఒక తీర్పు నకలు ఇచ్చి రెండు కాపీలు అడిగింది. మెషిన్ మీద మూడో పేజీ పెట్టేటప్పటికే అదేమిటో గుర్తుపట్టాను. పదకొండో పేజీ వచ్చినప్పుడు ఆమె వేలు పెట్టి చూపించింది.

"ఈ లైనుకు అర్థం నేననుకున్నదేనా సార్?"

అదేనని చెప్పాను.

"మా అమ్మ గురించి అది. అమ్మ అబద్ధం చెప్పినందుకే మా నాయిన కేసు పోయిందని బస్తీల అందరంటరు. అమ్మనడిగితే నోరు తెరవది. మరి కోర్టు ఏమన్నదో సూద్దామని నకలు తీయించిన." ఆ లైను మీంచి వేలు తీసి, "గదే రాసిండ్రు," అంది.

కాపీలకు పిన్ను కొట్టి ఇచ్చాను. నేనెవరో ఆమెకు తెలియదు. చెప్పడానికి ఆమె షట్టర్ కింద నుంచి వంగి బయటికి వెళ్ళేంత సమయం ఉంది. చెప్పలేదు.

మూడు వారాలకు బస్తీకి వెళ్ళాను. కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. బస్తీ సగం లేదు. ఉన్న ఇళ్ళలో చాలావరకు కొత్తవాళ్ళే. ఆమె గడపలో కూర్చుని గోంగూర తుంచుతోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది, కూర్చోమనలేదు. ఆకులు తుంచడం ఆపలేదు.

నేను చదవలేదని, బోనెక్కి అబద్ధం చెప్పానని, క్షమించమని అడగడానికి వచ్చానని అన్నాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి.

"నువ్వు చదవలేదని నాకు తెల్వదా?" అంది. "తెలిసినదాన్కే చెప్పనీకి గింత దూరమొచ్చినవా?"

నేను నిలబడే ఉన్నాను.

"నా బిడ్డకు చెప్పు. దానికి తెల్వదు. నాతోని సరిగ మాట్లాడక నాలుగేండ్లాయె."

ఇన్నేళ్ళలో నువ్వే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? సర్కారు కాగితంల రాసుండె కదా నేనెసుంటిదాన్నో."

ఖాళీ చేతులతో ఆ అమ్మాయి ముందుకు వెళ్ళడానికి ధైర్యం చాలక, ముందు ఒక కుర్ర లాయరును కలిశాను. నేను నిజం ఒప్పుకుంటూ అఫిడవిట్ ఇస్తే తీర్పు తిరగతోడతారా అని అడిగాను. గడువు దాటి ఏళ్ళయింది, లాభం లేదన్నాడు. ఫైలైనా చూద్దామని రికార్డు సెక్షన్‌లో వాకబు చేయించాను. నిబంధనల ప్రకారం తీర్పు, డిక్రీ మాత్రం ఉంచి మిగతా కాగితాలన్నీ తీసేశారు. ఆమె చెప్పిన జవాబులు, ముసలాయన వీపు మీద ఉన్నానని చెప్పిన మాట, ఏవీ ఇప్పుడు లేవు. "అఫిడవిట్ ఇస్తే ఇవ్వండి అంకుల్, ఏ కోర్టులో వేస్తారు?" అన్నాడు కుర్ర లాయరు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

అమ్మాయి ఒక సాయంత్రం తనే వచ్చింది. వాళ్ళమ్మ పంపిందట, ఎందుకో చెప్పలేదట. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మొత్తం చెప్పాను. ఇరానీ హోటల్ సంగతి, పులిహోర సంగతి కూడా దాచలేదు. అయిపోయాక ఆమె కౌంటర్ మీద ఉన్న తెల్లకాగితం ఒకటి నా వైపు జరిపింది.

"రాసియ్యి."

తెలుగులో రాశాను. నేనే తప్పు చేశానని, ఆమెకు కాగితం చదివి వినిపించలేదని, చూడలేదని ఆమె మొదటి నుంచీ చెప్పిందని, కోర్టులో భయంతో అబద్ధమాడానని, అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదని. పేజీ నిండింది. ఆమె రెండుసార్లు చదివింది.

"ఇందుల అంత నీ గురించే ఉంది," అంది. "మా నాయిన గురించి రాయి. తాగలేదని రాయి. డబ్బా కొట్టుకుంట ఇంటింటికి పోయిండని, ముసలాయన్ని మోసుకొచ్చిండని రాయి."

మీ అమ్మ నాకు అలా చెప్పిందని రాయగలను, అంతకంటే రాయలేనని అన్నాను. నేను చూడలేదు. చూసిన ముసలాయన లేడు. మిగతావాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళారో తెలియదు. తెలిసినా, వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు నేనే కాగితాలు చేసిపెట్టాను.

"నువ్వు సూడంది ఇరవై ఏడు కాగితాల మీద రాసినవ్ కదా," అంది. గొంతులో కోపం లేదు. "మా నాయినకొక్కటి రాయలేవా?"

పెన్ను చేతిలోనే ఉంది. రాయలేకపోయాను. ఆమె ఇంకాసేపు నిలబడింది. నేను తలెత్తనని తెలిశాక, కాగితాన్ని కౌంటర్ మీదే ఉంచి బయటికి వెళ్ళిపోయింది.